ఇంటర్న్‌షిప్‌లో ఒక పిల్ల "ఎవరికీ చెప్పకండి సార్" అంటూ ఏదైనా చెబితే?

తెల్లసుద్ద:

బీఈడీ రెండో ఏడాది. వచ్చే నెల నుంచి జిల్లా పరిషత్ హైస్కూల్లో 16 వారాల ఇంటర్న్‌షిప్, 6 నుంచి 9 తరగతులు. పాఠ్య పథకాలు, మైక్రో టీచింగ్, రికార్డుల గురించి కాలేజీలో కావాల్సినంత చెప్పారు. పిల్లల మీద జరిగే వేధింపుల సంగతి మాత్రం ఒక బిట్టు ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ఏ సంవత్సరం? 2012. అంతే.

నా సందేహాలివి. ఏ గుర్తులు చూసి అనుమానించాలి, ఏవి ఉత్త భయాలు? పిల్లో పిల్లాడో నోరు విప్పితే ఆ ఐదు నిమిషాల్లో ఏం మాట్లాడాలి? హెచ్‌ఎంకి చెబితే నా పని అయిపోయినట్టేనా? అసలు స్టాఫ్ కాని ఛాత్రోపాధ్యాయులకు ఆ బాధ్యత ఉంటుందా? చివరికి నా అనుమానం తప్పని తేలితే నా మీదికి ఏమైనా వస్తుందా? ఎవరికి, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పాలన్నది తెలిసినవాళ్లు రాయండి.

పల్లెడాక్టరు:

ఒంటి మీది గుర్తుల వరకు నేను రాస్తాను. ముందు ఒక మాట. లైంగిక వేధింపులు జరిగిన పిల్లల్లో చాలామందికి ఒంటి మీద ఏ గుర్తూ ఉండదు. డాక్టరు పరీక్షలోనూ మామూలుగానే ఉందని రావచ్చు. "గుర్తులేం లేవుగా" అని ఎవరైనా కొట్టిపారేస్తే ఆ మాటకు విలువ లేదు.

కొట్టిన దెబ్బల సంగతి వేరు. ఆడుకునే పిల్లలకు దెబ్బలు ఎముక పైకి తేలి ఉన్నచోట తగులుతాయి: మోకాళ్లు, ముంగాళ్లు, మోచేతులు, నుదురు, గడ్డం. ఆటలో సాధారణంగా తగలని చోట్ల కమిలితే ఆగి ఆలోచించాలి: చెవి, చెవి వెనక, మెడ, దండ చెయ్యి లోపలి వైపు, వీపు, పిరుదులు, తొడ లోపలి వైపు. చోటు తర్వాత చూడాల్సింది ఆకారం. వైరో బెల్టో మడిచి కొడితే లాడంలాంటి వంకీ పడుతుంది. బెత్తం దెబ్బకు రెండు ఎర్ర గీతలు పక్కపక్కన, మధ్యలో పాలిపోయిన చారతో వస్తాయి. చెంప మీద వేళ్ల అచ్చులు చూడగానే తెలుస్తాయి. సిగరెట్ కాల్పు గుండ్రంగా, దాదాపు 8 నుంచి 10 మిల్లీమీటర్ల వెడల్పుతో, అంచు తెగినట్టు ఉంటుంది. వేడినీళ్లు ఒలికితే కాలిన చోటు కిందికి కారినట్టు, ఎగుడుదిగుడుగా ఉంటుంది. పట్టి ముంచితే మేజోడు తొడిగినట్టు సమమైన హద్దు కనిపిస్తుంది.

కమిలిన రంగును బట్టి "ఇది మూడు రోజుల కిందటిది" అని చెప్పే లెక్కలు నమ్మకండి. డాక్టర్లమే ఆ లెక్క కట్టలేం. మీ నోట్సులో రంగు రాయండి, వయసు రాయకండి.

పొరబడే సందర్భాలూ ఉన్నాయి. మన పిల్లల్లో చాలామందికి నడుము కింద పుట్టుకతోనే నీలి మచ్చలుంటాయి. అంగన్‌వాడీ, ఒకటో తరగతి పిల్లల్లో వీటిని చూసి దెబ్బలనుకుంటారు. చీము పొక్కులు ఎండినప్పుడు సిగరెట్ కాల్పుల్లా కనబడతాయి. ఇక కామెర్లకనో, ఫిట్స్‌కనో వాతలు పెట్టించడం ఇప్పటికీ కొన్ని ఊళ్లలో ఉంది. తల్లిదండ్రుల ఉద్దేశం వైద్యమే కావచ్చు, పిల్లాడి చర్మం కాలిందన్నది మాత్రం నిజం. ఆ పిల్లాడికి కావాల్సింది పీహెచ్‌సీ డాక్టరు. ఇంట్లోవాళ్లు డాక్టరుకు చూపించడానికి ఒప్పుకోకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి.

నిర్లక్ష్యానికి గుర్తులు నెమ్మదిగా బయటపడతాయి. నెలల తరబడి వదలని గజ్జి, పుచ్చిన పన్నుతో వాచిన దవడ, సోమవారం మధ్యాహ్న భోజనంలో ఆవురావురుమని తినడం. పేదరికాన్నీ నిర్లక్ష్యాన్నీ వేరు చేయడం కష్టమే గానీ ఒక ఆధారం ఉంది. ఇంట్లో పిల్లలందరూ ఒకేలా ఉన్నారా, ఈ ఒక్క పిల్లే అలా ఉందా? మందు ఉచితంగా ఇస్తామన్నా ఇంటివాళ్లు తీసుకెళ్లడం లేదా?

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. బట్టలు పైకి తీసి చూడకండి. ఫోనుతో ఫొటో తీయకండి. కళ్లకు తగిలింది మాత్రమే మీది, మిగతాది ఆస్పత్రి పని.

బడిగంట:

డాక్టరు గారు చెప్పినవి ఒంటి మీద కనిపించేవి. క్లాసులో వాటికంటే ముందు కనబడేది మార్పు. నెమ్మదస్తురాలు నెమ్మదిగా ఉంటే అది గుర్తు కాదు. నిన్నటిదాకా ముందు బెంచీలో వాగిన పిల్ల వెనక్కి వెళ్లి గోడకు ఆనుకుంటే అది గుర్తు. ఛాత్రోపాధ్యాయులకు ఇక్కడే చిక్కు, పిల్ల ముందెలా ఉండేదో మీకు తెలియదు. అందుకే మొదటి వారంలో హాజరు పట్టీ తిరగేయండి. ఎవరు ఏ రోజుల్లో రావడం లేదు, గైర్హాజరు ఎప్పుడు మొదలైంది అన్నది చూస్తే సగం కథ తెలుస్తుంది. క్లాస్ టీచర్‌ని "ఈ మధ్య మారినవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడగండి చాలు.

నేను పట్టించుకునేవి ఇవి: బడి వదిలినా ఇంటికి కదలకపోవడం, సెలవులంటే బెదరడం, హాస్టల్ పిల్లలైతే దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత తిరిగి రానని మొండికేయడం, ఒక మనిషి పేరెత్తగానే బిగుసుకుపోవడం, బాత్రూముకు వెళ్లకుండా బిగబట్టుకోవడం, చిన్న పిల్లల ఆటలో, బొమ్మల్లో వయసుకు మించిన సంగతులు రావడం, కొత్త ఫోనో, రీచార్జో ఎవరు చేయించారంటే చెప్పకపోవడం, ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా, మణికట్టు మీద బ్లేడు గీతలు. ఏడో, ఎనిమిదో తరగతి ఆడపిల్ల పెద్దమనిషి ఫంక్షన్ అయ్యాక వారాల తరబడి రాకపోతే పెళ్లి మాటలు నడుస్తున్నాయేమో కనుక్కోవాలి. 18 నిండని అమ్మాయి పెళ్లి చట్టవిరుద్ధం, దానికీ 1098కి చెప్పవచ్చు.

వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా ఏదీ నిరూపించదు. తండ్రి తాగుడు, అమ్మానాన్నల గొడవ, పరీక్షల భయం, ఇవన్నీ ఇలాగే కనబడతాయి. రెండు మూడు కలిసి వస్తే, లేదా హఠాత్తుగా వస్తే కళ్లు తెరిచి ఉంచండి. ఆడపిల్లల మీదే చూపు పెట్టకండి. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో వేసిన జాతీయ అధ్యయనంలో సగానికి పైగా పిల్లలు, 53.22 శాతం మంది, ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందన్నారు. అందులో మగపిల్లలు సగానికి పైనే. అధ్యయనం జరిగిన 13 రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎక్కువగా నమోదైన వాటిలో ఒకటి. మగపిల్లాడు చెబితే స్టాఫ్‌రూములో నవ్వే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఇక నోరు విప్పినప్పుడు. తలుపేసిన గది వద్దు. వరండా చివరో, చెట్టు కిందో, నలుగురికీ కనబడాలి గానీ మాట వినబడకూడదు. మీరు మగవారై, చెప్పేది అమ్మాయైతే "మేడమ్‌ని పిలవనా?" అని అడగండి. వద్దంటే బలవంతం చేయొద్దు, ఆ పిల్ల మిమ్మల్ని ఎంచుకుంది. చెప్పింది మళ్లీ ఇంకొకరికి చెప్పించడం అన్నిటికంటే చెడ్డది.

ఈ మూడు మాటలు ముందే నోటికి అలవాటు చేసుకోండి. "చెప్పి మంచి పని చేశావ్." "ఇందులో నీ తప్పేం లేదు." "నేను వింటున్నాను." అంతకు మించి ఓదార్చాలని చూడకండి. "వాణ్ని జైల్లో వేయిస్తా" అంటే, వాడు ఆ పిల్లకు ఇష్టమైన మేనమామే కావచ్చు, అక్కడితో నోరు మూసేస్తుంది.

ప్రశ్నల్లో "ఏమైంది?", "తర్వాత?", "ఇంకేమైనా చెప్పాలనుందా?" వరకే వెళ్లండి. ఇవి కాక అవసరమైనవి రెండు: "ఇప్పుడు ఎక్కడైనా నొప్పిగా ఉందా?", "ఇవాళ ఇంటికెళ్లాలంటే భయంగా ఉందా?" ఈ రెంటికి వచ్చే జవాబును బట్టే తొందర ఎంతో తెలుస్తుంది. "మీ బాబాయేనా?", "అక్కడ చెయ్యి పెట్టాడా?" లాంటివి మీ నోటి నుంచి రాకూడదు, మీరందించిన జవాబే పిల్ల చెప్పిందని రేపు కోర్టులో డిఫెన్స్ లాయరు వాదిస్తాడు. "ఎందుకు అరవలేదు?", "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అన్నవి ప్రశ్నలు కావు, నిందలు. "ఎన్నిసార్లు?" అనీ అడగొద్దు. ఈ రోజు నాలుగంటుంది, వారం తర్వాత ఆరంటుంది, ఆ తేడానే పట్టుకుంటారు.

నోట్సు ఆ రోజే, పిల్ల వెళ్లిన వెంటనే, చేతిరాతతో. తేదీ, సమయం, చోటు, మీరడిగిన ప్రశ్న, పిల్ల చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు. పిల్ల "పాడుపని చేసిండు" అంటే అదే రాయండి, "లైంగిక దాడి జరిగినట్టు తెలిపింది" అని రాయకండి. మీ ఊహలు ఆ కాగితం మీద వద్దు. ఇలా:

"మధ్యాహ్నం 1.20, వరండా చివర. అన్నం తినడం లేదేమని అడిగాను. 'ట్యూషన్ సారు కాడికి పోను' అంది. ఏమైందన్నాను. 'అందరు పోయినంక ఒడిలో కూసోమంటడు' అంది. తర్వాత మాట్లాడలేదు. చున్నీ కొస నమిలింది. ఇవాళ ట్యూషన్ ఉందంది. దగ్గర ఇంకెవరూ లేరు." కింద సంతకం.

ఇంతే. మహా అయితే అర పేజీ.

నీలిసిరా:

చట్టం భాగం నాది. స్టాఫ్ కాకపోతే బాధ్యత ఉండదా అన్నారు. పోక్సో 19వ సెక్షన్ "ఏ వ్యక్తి అయినా" అంటుంది. టీచరు, ఛాత్రోపాధ్యాయుడు, వంట ఆయా, ఆటో డ్రైవరు, అందరూ అందులోకే వస్తారు. 18 ఏళ్ల లోపు ఎవరైనా, ఆడైనా మగైనా, చట్టం దృష్టిలో పిల్లలే. నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం ఉన్నా, ప్రత్యేక జువెనైల్ పోలీస్ యూనిట్‌కు (పిల్లల కేసులు చూసే పోలీసు విభాగం) గానీ స్థానిక పోలీసులకు గానీ సమాచారం ఇవ్వాలి. ఇవ్వకపోతే 21వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాళ్ల విషయంలో సంస్థ అధిపతి దాచిపెడితే ఏడాది వరకు జైలు, పైన జరిమానా. తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని సుప్రీంకోర్టు 2022 నవంబరులో మహారాష్ట్రకు చెందిన ఒక హాస్టల్ కేసులో స్పష్టంగా చెప్పింది. అక్కడ చెప్పకుండా ఉండిపోయింది ఒక డాక్టరు.

హెచ్‌ఎంకి చెప్పడం మంచిదే, అది బడి క్రమశిక్షణ. కానీ దానితో మీ బాధ్యత తీరదు. హెచ్‌ఎం ఫోను చేస్తే పక్కనే ఉండి చేశారని నోట్సులో రాసుకోండి. "రేపు చూద్దాం" అంటే అదే సాయంత్రం మీరే చేయండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తప్పని తేలితే? 19వ సెక్షన్‌లోనే ఏడో ఉపసెక్షన్ ఉంది, సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ రాదు. 22వ సెక్షన్ శిక్షించేది అవమానించాలనో, డబ్బు గుంజాలనో, బెదిరించాలనో కావాలని అబద్ధం చెప్పినవాళ్లని. పిల్ల చెప్పింది తప్పైనా పిల్లకు శిక్ష లేదు. రుజువులు సేకరించడం మీ పని కాదు. మీ చేతిలో ఉండాల్సిందల్లా బడిగంట గారు చెప్పిన అర పేజీ.

స్టేషన్‌లో కొన్నిసార్లు "తల్లిదండ్రులు వచ్చి ఫిర్యాదు ఇవ్వాలి" అంటారు. చట్టంలో అలా లేదు. మీరిచ్చిన సమాచారానికి నంబరు వేసి, రాసుకుని, మీకు చదివి వినిపించాలి. నమోదు చేయని అధికారికి కూడా అదే 21వ సెక్షన్ వర్తిస్తుంది. "మా పరిధి కాదు" అన్నా చెల్లదు, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నాం. అప్పటికీ కాదంటే ఎస్పీకి పోస్టులో పంపండి.

సమాచార పత్రం నాలుగు వాక్యాలు చాలు: "నేను ఫలానా పాఠశాలలో ఛాత్రోపాధ్యాయుడిని. ఫలానా తేదీ, ఫలానా సమయంలో ఫలానా తరగతి విద్యార్థిని నాతో ఈ మాటలు చెప్పింది. దీన్ని బట్టి పోక్సో చట్టం కింద నేరం జరిగిందని లేదా జరగవచ్చని అనుమానిస్తున్నాను. 19వ సెక్షన్ ప్రకారం ఈ సమాచారం ఇస్తున్నాను." సెక్షన్ నంబర్లు పట్టుకుని నేరానికి పేరు పెట్టకండి, అది దర్యాప్తు అధికారి చూసుకుంటారు. రెండు ప్రతులు తీసుకెళ్లండి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర, సమయం వేయించుకోండి.

పిల్లను స్టేషన్‌కు తీసుకెళ్లకండి. 24వ సెక్షన్ ప్రకారం వాంగ్మూలం పిల్ల ఇంటి దగ్గరో, తను కోరుకున్న చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి ఉండాలి, యూనిఫాం వేసుకోకూడదు. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. స్కూలు ఆవరణలోకి జీపు, ఖాకీ వస్తే ఊరంతటికీ తెలిసిపోతుంది. ఫోనులోనే "సివిల్ డ్రెస్‌లో రండి" అని అడిగే హక్కు మీకుంది.

బోర్డుదస్టర్:

అందరూ చట్టం చెబుతున్నారు బాగానే ఉంది. నాలుగు నెలలకు వచ్చి వెళ్లే కుర్రాడు నేరుగా పోలీసులకు ఫోను చేస్తే ఆ బడి పరిస్థితేంటి? ముందు తల్లిదండ్రులను పిలిచి మాట్లాడాలి. విద్యా కమిటీ ఉంది, ఊరి పెద్దలున్నారు. ఆడపిల్ల బతుకు అల్లరైతే తర్వాత ఎవరు చూస్తారు? ఇంకో సంగతి, తొమ్మిది, పది, ఇంటర్ పిల్లల ప్రేమ వ్యవహారాలు కూడా పోక్సోలోకే లాగుతారా?

నీలిసిరా:

అల్లరి అన్నారు కాబట్టి చెబుతాను. పిల్ల పేరు, ఫొటో, చిరునామా, బడి పేరు, కుటుంబ వివరాలు మీడియాలో ఎక్కడా రాకూడదని 23వ సెక్షన్. మీరితే 6 నెలల నుంచి ఏడాది జైలు. విచారణ కోర్టులో తలుపులు మూసి జరుగుతుంది, పిల్లకు నిందితుడు ఎదురుపడకుండా చూడాలి. బయటికి పొక్కేది ఎక్కువగా పోలీసుల దగ్గర్నుంచి కాదు, పంచాయితీ పెట్టిన అరుగు మీది నుంచి. పెద్దమనుషుల రాజీకి ఈ నేరాల్లో చట్టబద్ధత లేదు. ఆ అరుగు మీద కూర్చున్న టీచరు "తెలిసీ చెప్పలేదు" అనడానికి తానే సాక్ష్యం అవుతాడు.

తల్లిదండ్రుల మాట సందర్భాన్ని బట్టి. నిందితుడు బయటివాడైతే వాళ్లకు చెప్పడం తప్పనిసరి, పిల్లకు వాళ్లే అండ. నిందితుడు ఇంట్లోనే ఉన్నాడన్న అనుమానం ఉంటే వాళ్లను ముందు పిలవకండి. ఆ రాత్రే పిల్ల మాట మారుస్తుంది, లేదా పిల్లే ఊరు మారుతుంది.

ప్రేమల విషయంలో మీ ఇబ్బంది నిజమైనదే, న్యాయస్థానాల్లోనూ దాని మీద చాలా వాదన నడుస్తోంది. కానీ ఈ రోజుకు చట్టంలో 18 లోపు సమ్మతికి విలువ లేదు. ఇద్దరు పిల్లలు ఉత్తరాలు రాసుకుంటే అది పోక్సో కాదు. లైంగిక చర్య జరిగిందని మీకు తెలిస్తే మినహాయింపు లేదు. కావాలని వెతికి తవ్వమని ఎవరూ అనడం లేదు.

పాలపిట్ట:

ఫోన్ చేసినంక ఏమైతదో ఎవరూ రాయలేదు, నేను రాస్త. 1098 రోజంతా పనిచేస్తది, పైసలు పడవు. పిల్లకు ఇప్పటికిప్పుడు ప్రమాదం ఉందంటే 112. ఫోన్ల వాళ్లు అడిగేవి: పిల్ల వయసు, ఇప్పుడు ఏడుంది, ఇయ్యాల రాత్రి ఏడుంటది, అనుమానం ఉన్న మనిషి అదే ఇంట్ల ఉంటడా, దెబ్బలున్నయా. ఈ ఐదిటికి జవాబులు దగ్గర పెట్టుకొని చెయ్యాలె. చేసినంక సమయం, మాట్లాడినవాళ్ల పేరు, ఫిర్యాదు నంబరు రాసుకోవాలె. చానమంది గిది రాసుకోరు, తర్వాత "మాకు ఫోనే రాలేదు" అంటే చేతిల ఏముండది.

పోలీసులకు తెలిసినంక 24 గంటల్లోపు బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు తెలపాలె. సమితిల అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉంటరు, వాళ్లకు మెజిస్ట్రేటు అధికారాలుంటయి. తప్పు చేసినోడు అదే ఇంట్ల ఉంటే, పిల్లను ఆడ ఉంచాల్నా, తీసి వేరే దగ్గర పెట్టాల్నా అన్నది 3 రోజుల్ల తేల్చాలె. కేసు అయిపోయేదాంక పిల్లకు తోడుండేటందుకు ఒక సహాయక వ్యక్తిని సమితి ఇయ్యొచ్చు, గది అడిగి తీసుకోవాలె, అడగకుంటే మరిచిపోతరు. 2020 పోక్సో నియమాల ప్రకారం తిండికి, బట్టలకు, బస్సు ఖర్చులకు సమితి సిఫారసు చేస్తే వారంల పైసలు రావాలె. కూలి పోయి కోర్టు చుట్టూ తిరిగే తల్లికి గది చాన పెద్ద సంగతి. తెలంగాణల భరోసా కేంద్రాలున్న జిల్లాలల్ల కౌన్సెలింగ్, వాంగ్మూలం, లాయరు ఒక్క కాడనే దొరుకుతయి. రెండు రాష్ట్రాలల్ల సఖి కేంద్రాలు (వేధింపులకు గురైన ఆడవాళ్లకు, ఆడపిల్లలకు సాయం చేసేవి) ఉన్నయి.

గంటల లెక్క కూడా యాదుంచుకోండ్రి. దాడి అయ్యి 72 గంటల్లోపు అయితే హెచ్‌ఐవీ రాకుండ మందులు మొదలుపెట్టొచ్చు, గర్భం రాకుండ మాత్ర ఇయ్యొచ్చు. 96 గంటల్లోపు అయితే ఒంటి మీది ఆధారాలు తీసుకుంటరు. అందుకే "సోమవారం చూద్దాం" అనొద్దు. స్నానం పోయొద్దు, బట్టలు ఉతకొద్దు అని పిల్లతోటి ఉన్న పెద్దవాళ్లకు చెప్పుండ్రి. బట్టలు ప్లాస్టిక్ కవర్ల పెడితే చెమ్మకు పాడైతయి, కాగితం సంచిల పెట్టాలె. ఎఫ్‌ఐఆర్ తెస్తేనే చూస్తం అనేటందుకు ఆస్పత్రికి హక్కు లేదు. ఆడపిల్ల అయితే లేడీ డాక్టరే పరీక్ష చెయ్యాలె, తల్లో, పిల్ల నమ్మే ఇంకొకరో పక్కన ఉండాలె.

తెల్లసుద్ద గారూ, మీరు అడగని ముచ్చట ఒకటి. చేసినోడు అదే బళ్లె సారో, వార్డెనో, వ్యాను డ్రైవరో అయితే? బడి సిబ్బంది చేస్తే చట్టంల అది ఇంకా పెద్ద నేరం, శిక్ష ఎక్కువ. గట్లనే బళ్లె ఒత్తిడి కూడ ఎక్కువ ఉంటది. హెచ్‌ఎం ఆ పిల్లను, ఆ సారును ఒక్క గదిల నిలబెట్టి "ఏది, ఇప్పుడు చెప్పు" అంటడు. పిల్ల ఏం లేదంటది. ఫైలు మూస్తరు, రెండు నెలలకు టీసీ చేతిల పెడుతరు. గిసువంటి దగ్గర ముందు పోలీసులకు, తర్వాత హెచ్‌ఎంకు, గది అయినంక మీ కాలేజీ సూపర్వైజర్‌కు రాతల ఇయ్యాలె. అంతర్గత విచారణ కమిటీ వేస్తం అంటే వెయ్యనియ్యండి, కానీ ఆ పిల్లను మళ్ల మళ్ల పిలిచి అడగకుండ చూడాలె.

పల్లెడాక్టరు:

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలకు వచ్చేవాళ్ల సంగతి కూడా చేర్చాలి. మాట రాని, మాట అర్థం కాని పిల్లల్లో ప్రవర్తన మార్పును "వాడంతే" అని వదిలేయడం మామూలైపోయింది. వాంగ్మూలం తీసుకునేటప్పుడు వాళ్లకు అలవాటైన స్పెషల్ ఎడ్యుకేటర్ సాయం తీసుకోవడానికి చట్టంలో వీలుంది. పోలీసులకు ఆ ఉపాధ్యాయుల పేరు ముందే చెప్పండి.

తెల్లసుద్ద:

చాలా ఉపయోగంగా ఉంది. మూడు మిగిలాయి. పిల్ల "ప్రామిస్ చేయండి, అప్పుడే చెబుతా" అంటే? నిందితుడూ పిల్లాడే అయితే? బడిలోనే సారు కొడుతుంటే, అంటే లైంగికమైనది కాకుండా మామూలు దెబ్బలైతే, అదీ పోలీసులకేనా?

బడిగంట:

ప్రామిస్ చేయకండి. మాట ఇచ్చి తప్పితే ఆ పిల్ల ఇంకే పెద్దవాళ్లనీ నమ్మదు. ఇలా అనండి: "అందరికీ చెప్పను. నిన్ను కాపాడగలిగే ఒకరిద్దరికి మాత్రం చెప్పాల్సి రావచ్చు. ఎవరికి చెప్పినా ముందు నీకు చెబుతా." కొందరు అక్కడితో వెనక్కి తగ్గుతారు. వెంటపడకండి. "ఎప్పుడైనా రా" అని, 1098 నంబరు ఆ తరగతి గోడ మీద అందరికీ కనబడేలా రాయించండి. పిల్లలే నేరుగా ఫోను చేయవచ్చు. రెండు మూడు రోజుల్లో చాలామంది తిరిగి వస్తారు.

పిల్లలిద్దరి మధ్య జరిగితే వయసు తేడా, బలవంతం, బెదిరింపు, దాపరికం, ఈ నాలుగూ చూడండి. ఐదేళ్ల వాళ్లిద్దరు ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడం నేరం కాదు, పక్కకు మళ్లిస్తే సరిపోతుంది. పదో తరగతి వాడు మూడో తరగతి వాణ్ని బాత్రూములోకి తీసుకెళ్లడం వేరు. అప్పుడు 19వ సెక్షన్ వర్తిస్తుంది, ఆ పెద్ద పిల్లాడి విషయం జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. వాణ్ని బడిలో అందరి ముందు నిలబెట్టి కొట్టించడం మీ పని కాదు, వాడి మీద ఎవరి చెయ్యి పడి ఈ అలవాటు వచ్చిందో కూడా అప్పటికి ఎవరికీ తెలియదు.

నీలిసిరా:

సారు కొట్టడం. విద్యా హక్కు చట్టం 2009, 17వ సెక్షన్ శారీరక శిక్షనీ మానసిక వేధింపునీ నిషేధించింది. గుంజీలు, ఎండలో నిలబెట్టడం, కులం పేరుతో ఎగతాళి, అన్నీ అందులోకే. చర్య శాఖాపరంగా ఉంటుంది కాబట్టి హెచ్‌ఎం, ఎంఈవో దారి. గాయమయ్యేలా కొడితే జువెనైల్ జస్టిస్ చట్టం 2015, 75వ సెక్షన్ క్రూరత్వం కిందికి వస్తుంది. మామూలుగా 3 ఏళ్ల వరకు జైలు. పిల్లల బాగోగులు అప్పగించిన సంస్థలో పనిచేసేవాళ్లు చేస్తే 5 ఏళ్ల వరకు కఠిన జైలు, 5 లక్షల వరకు జరిమానా. ఇంట్లో కొట్టడానికీ ఇదే సెక్షన్ ఉంది. పోక్సోలోలాగా చెప్పకపోతే జైలన్న నిబంధన ఇక్కడ లేదు. కాబట్టి ఇక్కడ కొంత విచక్షణకు చోటుంది. ఒకసారి చెంపదెబ్బ కొట్టిన తల్లి గురించి 1098కి పరుగెత్తకుండా, తల్లితో మాట్లాడితే కుదిరే సందర్భాలు చాలా ఉంటాయి. వైరు గుర్తులు, కాల్పులు, తల మీద దెబ్బలు, పదే పదే, అయితే మాట్లాడి చూసే దశ దాటిపోయినట్టు.

తెల్లసుద్ద:

చివరిగా ఒకటి. ఇంటర్న్‌షిప్‌లో ఒక పిల్లాడి మీద కేస్ స్టడీ రాసి రికార్డు సమర్పించాలి. ఇలాంటి పిల్లను తీసుకుని పేరు మార్చి రాయొచ్చా?

బడిగంట:

వద్దు. పేరు మార్చినా బడి పేరు, తరగతి, మీ ఇంటర్న్‌షిప్ తేదీలు ఆ రికార్డు అట్ట మీదే ఉంటాయి. ప్రాక్టికల్స్‌కు వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ చదువుతారు, వచ్చే ఏడాది జూనియర్లు కాపీ కొట్టడానికి అడిగి పట్టుకెళతారు. కేస్ స్టడీకి లెక్కల్లో వెనకబడ్డ పిల్లాణ్ని తీసుకోండి. ఈ నోట్సు అసలు ప్రతి మీ దగ్గర, సీలు చేసిన కవరులో, రికార్డులకు దూరంగా ఉండాలి. కేసు నడిస్తే సాక్షిగా మిమ్మల్ని పిలిచేసరికి మీరు ఇంకో జిల్లాలో ఉద్యోగంలో ఉండొచ్చు, ఆ కాగితం మాత్రం చేతిలో ఉండాలి.